మోకాళ్ళ కింద పేపరు: జాన్ మగాహర్న్ నవలల్లో జపమాల

ఐరిష్ నవలాకారుడు జాన్ మగాహర్న్ రాసిన 'అమంగ్స్ట్ విమెన్' చివరి పేజీల్లో ఇంటిపెద్ద మోరన్ చనిపోతాడు. మంచం చుట్టూ భార్య రోజ్, పిల్లలు మోకరించి జపమాల చెబుతున్నారు. పెద్దకూతురు మ్యాగీ తన వంతు ఎత్తుకుంది. తండ్రి ఏదో చెప్పాలని అవస్థపడటం చూసి ఆగింది. గదిలో చప్పుడు లేదు. గుసగుసే అయినా స్పష్టంగా వినపడిన మాట ఒకటే: నోరుముయ్యండి. అందరూ బిత్తరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పట్టించుకోకు, కానివ్వు అన్నట్టు రోజ్ గట్టిగా తలూపింది. మ్యాగీ తడబడుతూనే మళ్ళీ జపం లయలో పడింది. అంతలో నాన్న పోయాడని ఇంకో కూతురు మోనా కేక వేసింది.

ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా జపమాల తప్పనివ్వని మనిషి ఈ మోరన్. ఆయన ఆఖరి మాట అది. ఆ మాటని లెక్కచెయ్యకుండా జపం సాగించింది ఆయనకి జీవితమంతా లొంగి ఉన్న ఆడవాళ్ళు. ఈ నవల ఈమధ్య మళ్ళీ చదివాక, మగాహర్న్ గురించి మామూలుగా వినపడే రెండు మాటలూ ఈ పేజీ ముందు నిలవవని నాకు గట్టిగా అనిపించింది. మొదటిది: ఐరిష్ కతోలిక చర్చి వేధించిన రచయిత, దాని గుట్టు బయటపెట్టినవాడు. రెండోది, ఆయన పోయాక ఎక్కువైంది: పైకి ఏమన్నా లోపల కతోలికుడే. మొదటి మాట అనేవాళ్ళు 1965లో ఆయన ఉద్యోగం పోవడాన్ని చూపిస్తారు. రెండో మాట అనేవాళ్ళు 2006లో ఆయనకి చర్చిలో జరిగిన అంత్యక్రియల్ని చూపిస్తారు. రెండూ నిజంగా జరిగినవే. కానీ రెండు వాదనలూ ఆయన నమ్మాడా లేదా అనే ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఆ ప్రశ్నకి ఆయనే సూటిగా జవాబిచ్చాడు: నమ్మకం పోయింది, పెద్ద గొడవేమీ లేకుండానే పోయింది.

నేను అడగదలుచుకున్నది వేరు. నమ్మకం పోయాక చేతిలో ఏం మిగిలింది? నా జవాబు: జపమాల మిగిలింది. పూసలు కావు, దాని కట్టుబడి. మగాహర్న్ నవల ఎలా మొదలవ్వాలి, ఎక్కడికి తిరిగి రావాలి, ఒక వాక్యాన్ని ఎన్నిసార్లు చెప్పొచ్చు, ఎవరి గొంతు ఎక్కడ ఆగాలి అన్నవన్నీ ఆయన చిన్నప్పుడు వంటింటి నేల మీద మోకాళ్ళపై నేర్చుకున్నాడు.

యాభై తొమ్మిది పూసలు

ఈ వాదన నిలవాలంటే జపమాల ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. మన ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను.

మాలలో మొత్తం 59 పూసలు. 53 చిన్నవి, 6 పెద్దవి. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహంతో మొదలు. పెద్ద పూసకి పరలోక జపం, చిన్న పూసకి మంగళవార్త జపం. ముందు తోకలా వేలాడే భాగంలో మూడు చిన్న పూసలు, ఆ తర్వాత గుండ్రటి భాగంలో పదేసి చొప్పున ఐదు వరసలు. ఒక్కో వరస చివర త్రిత్వ స్తోత్రం. ఒక్కో వరసకి యేసు జీవితం నుంచో మరియమ్మ జీవితం నుంచో ఒక ఘట్టం తలుచుకోవాలి. అవే దేవ రహస్యాలు. 2002లో పోపు రెండో జాన్ పాల్ మరో ఐదు కలిపేదాకా ఇవి పదిహేనే: సంతోషానివి ఐదు, దుఃఖానివి ఐదు, మహిమవి ఐదు. సోమ, గురువారాలు సంతోషం. మంగళ, శుక్రవారాలు దుఃఖం. బుధ, శనివారాలు మహిమ. అంటే వారం రోజులకీ ఒక కథ, ఆ కథ వారం వారం తిరిగి మొదటికి.

దీన్లో కథకుడికి పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, మంగళవార్త జపాన్ని మధ్యకి విరుస్తారు. పెద్ద ఒకరు మొదటి సగం చెబితే మిగతావాళ్ళంతా "పరిశుద్ధ మరియమ్మా" అంటూ రెండో సగం అందుకుంటారు. అంటే ఎవరూ ఒంటరిగా ఒక జపాన్ని పూర్తిచెయ్యరు. రెండు, ఐదు వరసల్నీ ఇంట్లోవాళ్ళు పంచుకుంటారు. తండ్రికి ఒకటి, తల్లికి ఒకటి, పిల్లలకి వయసు ప్రకారం. మనుషులు తక్కువైతే ఎవరో ఒకరు రెండు వంతులు చెప్పాలి. ఎక్కువైతే కొందరికి ఆ రాత్రి వంతు ఉండదు. ఇది రోజూ రాత్రి తీసే హాజరు లాంటిది. లండన్ వెళ్ళిపోయిన కొడుకు సంగతి ఎవరూ ఎత్తకపోయినా అతని వంతు వచ్చే చోట ఒక్క క్షణం ఖాళీ పడుతుంది. ఆ ఖాళీని ఎవరి గొంతు పూడుస్తుందో ఇంట్లో అందరికీ వినిపిస్తుంది.

తప్పులు కూడా ఇక్కడే దొర్లుతాయి. వేలు పూస మీద జారి తొమ్మిదికో పదకొండుకో త్రిత్వ స్తోత్రం మొదలుపెట్టేస్తారు. చిన్నపిల్లలు నిద్రమత్తులో రెండో సగానికి బదులు మొదటి సగం అందుకుంటారు. పని తొందరలో ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళ సగం ముగియకుండానే తమ సగం మొదలుపెడతారు. మాటలు అవే కాబట్టి చెవి మాటల్ని వదిలేసి గొంతుని వింటుంది: ఎవరు కోపంగా ఉన్నారు, ఎవరు ఏడ్చి వచ్చారు, ఎవరికి భయం. మగాహర్న్ సంభాషణలు చదివినవాళ్ళకి ఈ లక్షణం పరిచయమే. ఆయన పాత్రలు మాట్లాడేది వానా గడ్డీ టీ గురించే. వినాల్సింది ఆ మాటలు పలికే తీరుని.

మోరన్ ఇంట్లో ఇదంతా ఎలా జరుగుతుందో చూడండి. వార్తాపత్రిక తీసి సిమెంటు నేల మీద పరుస్తాడు. చిన్న నల్ల సంచిలోంచి పూసలు జారవిడుస్తాడు. బల్ల దగ్గర నిటారుగా మోకరిస్తాడు. పిల్లలు కుర్చీల మీద మోచేతులాన్చి మోకాళ్ళ మీద కూర్చుంటారు. ప్రభూ నా పెదవులు తెరువుమని ఆయన అంటాడు, నా నాలుక నీ స్తుతి పలుకునని అందరూ బదులిస్తారు. పెదవులు తెరవమని రోజూ అడిగే ఆ ఇంట్లో మోరన్ ముందు పెదవి విప్పే ధైర్యం ఎవరికీ లేదు. మోరన్ స్వాతంత్ర్య పోరాటంలో గెరిల్లా దళానికి నాయకుడు. యుద్ధం అయిపోయింది, దళం చెదిరిపోయింది. మోకాళ్ళ మీద వరసగా నిలబెట్టడానికి ఇప్పుడు మిగిలింది కుటుంబమే. కలిసి ప్రార్థించే కుటుంబం కలిసే ఉంటుందన్న నినాదాన్ని ఆయన పదే పదే అంటాడు. అది ఫాదర్ ప్యాట్రిక్ పేటన్ జపమాల ప్రచారంతో ఊరూరా పాకిన నినాదం. పెద్దకొడుకు లూక్ వెళ్ళిపోయాడు, తండ్రి అంత్యక్రియలకి కూడా రాలేదు. ఆ ఇంటి ముందు ఆ నినాదం ఎంత బరువుగా పడుతుందో రచయిత ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యకుండానే మనకి తెలుస్తుంది.

ఈ పుస్తకానికి అధ్యాయాలు లేవు. ఘట్టం అయిపోతుంది, కాస్త ఖాళీ, మళ్ళీ గడ్డికోత, మళ్ళీ ఉత్తరం కోసం ఎదురుచూపు, మళ్ళీ మోకాళ్ళు. పూసకీ పూసకీ మధ్య దారమే కనిపిస్తుంది.

ఒకే జపం, రెండు నోళ్ళు

ఇక్కడో సందేహం నన్ను వదల్లేదు. జపమాల మోరన్ చేతిలో పిల్లల్ని అణచే పనిముట్టు. మరి దాన్నే నవలకి ప్రాణం అనడం ఆ అణచివేతకి అందం అద్దడం కాదా? దీనికి జవాబు వెతకాలంటే మగాహర్న్ బాల్యానికి వెళ్ళక తప్పదు.

1934 నవంబరులో పుట్టాడు, ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. తల్లి సూజన్ లీట్రిం జిల్లాలో బడిపంతులమ్మ. తండ్రి ఫ్రాంక్ పోలీసు సార్జెంటు, రాస్‌కామన్ జిల్లా కూట్‌హాల్‌లో ఠాణాలోనే కాపురం. పిల్లలు తల్లితో ఉండేవారు. పొలాల మధ్య సందుదారుల్లో బడికి నడుస్తూ ఆమె కొడుకుతో పూలపేర్లు చెప్పేది, దేవుడి గురించి చెప్పేది. కొడుకు ఫాదర్ కావాలన్నది ఆమె కల. గురుపట్టం అందుకున్నాక ఆమెకి పూజ చెబుతానని, ఇద్దరూ ఫాదర్లుండే ఇంట్లో కలిసి ఉంటామని పిల్లవాడు మాటిచ్చాడు. 1944 జూన్‌లో కాన్సర్‌తో ఆమె పోయింది. అతనికి తొమ్మిదేళ్ళు.

ఆయన ఆత్మకథ 'మెమోయిర్'లో ఆ రోజుల గురించి చదివినవాళ్ళు ఒక చప్పుడు మర్చిపోలేరు. ఆమె ఇంకా ప్రాణంతో ఉండగానే సామాను ఎక్కించుకుని పిల్లల్ని ఠాణాకి తీసుకుపొమ్మని తండ్రి లారీ పంపించాడు. తుప్పు పట్టిన ఇనప మంచాలు ఊడిరాక సుత్తితో కొట్టి విడదీశారు. ఆమె పడుకున్న గదిలోకి ఆ దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. అంత్యక్రియలకి పిల్లల్ని పంపలేదు. దూరంగా ఠాణాలో ఉన్న పిల్లవాడు గడియారం చూసుకుంటూ, ఈ నిమిషానికి పూజ మొదలై ఉంటుంది, ఇప్పుడు శవపేటిక లేపుతారు, ఇప్పుడు మట్టి వేస్తారు అని ముల్లు వెంట ఊహలో నడిచాడు. 'ది లీవ్‌టేకింగ్' (1974) నవలలోనూ ఇదే వస్తుంది. కర్మకాండ ఏ వరసలో నడుస్తుందో నిమిషాలతో సహా తెలిసిన పిల్లవాడు కాబట్టి కంటితో చూడకుండానే దాన్ని పూర్తిచెయ్యగలిగాడు. ఆ వరస తెలియకపోతే అతనికి ఆ మధ్యాహ్నం పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

తల్లి నోట విన్నవీ తండ్రి నోట విన్నవీ ఒకే జపాలు, అక్షరం తేడా లేకుండా. ఒకరి దగ్గర అవి పూలదారి. ఇంకొకరి దగ్గర బెల్టుదెబ్బకి ముందో వెనకో వచ్చే గొంతు. అందుకే జపం మంచిదా చెడ్డదా అనే తీర్పు ఆయన పుస్తకాల్లో ఎక్కడా దొరకదు. నాకు తట్టిన జవాబు ఇదే, పూర్తి తృప్తి ఇవ్వకపోయినా: ఆ కట్టుబడికి సొంత గుణం లేదు, పట్టుకున్న చేతిదే గుణం. ఇది చర్చిని వెనకేసుకురావడం కాదు. మోరన్‌లాంటి చేతుల్లో దాన్ని పెట్టి, ఆ చేతుల్ని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేకుండా చేసింది ఆ చర్చే.

మొదటి నవల 'ది బ్యారక్స్' (1963) రాసేనాటికి ఆయనకి ముప్ఫై నిండలేదు. అందులో సార్జెంటు రీగన్ రెండో భార్య ఎలిజబెత్, ఒకప్పుడు లండన్‌లో నర్సు. రొమ్ములో గడ్డ ఉందని తెలుసు, ఎవరికీ చెప్పదు. ఠాణా వంటింట్లో రోజూ రాత్రి జపమాల. జపం రెండో సగంలో మనవాళ్ళు చెప్పే మాటలు గుర్తుచేసుకోండి: "ఇప్పుడును మా మరణ సమయమందును". మాల ఒక్కసారి తిరిగితే ఈ మాట యాభైమూడుసార్లు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అది నాలుక మీద అరిగిపోయిన నాణెం. గడ్డని తడుముకుని వచ్చి మోకరించిన మనిషికి ఆ "ఇప్పుడు"కీ ఆ "మరణ సమయాని"కీ మధ్య దూరం రాత్రి రాత్రికీ తగ్గుతుంది. ఆ మాటలకి ఒక రాత్రి అర్థం వస్తుందనే, అర్థం లేకుండా ఇన్ని వేలసార్లు చెప్పించారేమో అనిపిస్తుంది.

ఎలిజబెత్ భక్తురాలేం కాదు. మరియదళంలో (మరియమ్మ పేరుతో నడిచే భక్తుల సంఘం) చేరమని ఫాదర్ వెంటపడితే చేరనని ముఖం మీదే చెప్పిన మనిషి. అయినా చర్చి సేవలు, అందులోనూ ఈస్టరుకి ముందు వచ్చే పవిత్రవారానివి, ఆమె మనసులో ముక్కలుముక్కలుగా కాక ఒకే ప్రవాహంలా కదులుతాయని రచయిత రాస్తాడు. ఏటేటా మారకుండా చూసింది కాబట్టి అలా. భయపెట్టి నేర్పిన దేవుడు వెనక్కి వెళ్ళిపోయాడు, క్రమం మాత్రం ఉండిపోయింది. నవల కూడా దీపం వెలిగించే వేళ అయిందా అని పిల్లలు అడగడంతో మొదలై, ఆమె పోయాక మళ్ళీ ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. మాల గుండ్రంగా తిరిగి సిలువ దగ్గరికి వచ్చినట్టు.

ఉద్యోగం పోయిన తీరు

1965 గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పాఠకులు దీన్ని ప్రభుత్వం చేసిన పని అనుకుంటారు. మన దగ్గర ఆర్‌సీఎం అంటే మైనారిటీ సంస్థ: బడి, ఆస్పత్రి, అక్టోబరులో జపమాల, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళు. ఐర్లాండ్‌లో అప్పుడు జనాభాలో 90 శాతానికి పైగా కతోలికులు. 1937 రాజ్యాంగం ఆ చర్చికి ప్రత్యేక స్థానం ఉందని రాసి మరీ ఒప్పుకుంది. 1972 రెఫరెండం దాకా ఆ మాట రాజ్యాంగంలో ఉంది. ప్రాథమిక బడుల్లో పంతులికి జీతం ఇచ్చేది ప్రభుత్వం. కానీ బడికి మేనేజరు విచారణ గురువు, అంటే ఆ ఊరి చర్చి ఫాదర్. పెట్టుకునేదీ తీసేసేదీ ఆయనే. ఈ రెండు ముక్కల మధ్య సందులోనే మగాహర్న్ పడిపోయాడు.

డబ్లిన్ క్లాంటార్ఫ్‌లో మగపిల్లల బడిలో పంతులుగా ఉంటూ, ఒక సాహిత్య ఫెలోషిప్ వచ్చాక ఏడాది సెలవు తీసుకున్నాడు. ఆ మధ్యలో రెండు జరిగాయి. ఫిన్లాండ్ దేశస్థురాలు అన్నికి లాక్సీని చర్చిలో కాకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాడు. రెండో నవల 'ది డార్క్' వచ్చింది. కస్టమ్స్‌వాళ్ళు ప్రతులు పట్టుకున్నారు, సెన్సార్‌షిప్ బోర్డు నిషేధించింది. సెలవు ముగించుకుని బడికి వస్తే క్లాసులోకి రానివ్వలేదు. అభియోగపత్రం లేదు, విచారణ లేదు. డబ్లిన్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) జాన్ ఛార్లెస్ మెక్వేడ్ ఆదేశంతోనే ఇది జరిగిందని మగాహర్న్ తర్వాత చెప్పాడు. ఉపాధ్యాయ సంఘం దగ్గరికి వెళ్తే, పుస్తకం ఒక్కటే అయితే ఏమైనా చెయ్యగలిగేవాళ్ళమేమో, ఆ పరాయి దేశపు అమ్మాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాక ఇక ఆశ లేదన్నట్టు మాట్లాడారని ఆయనే రాసుకున్నాడు. పుస్తకం కంటే పెళ్ళి పెద్ద నేరం కావడం చూడండి. చర్చి పెళ్ళి అనే సంస్కారాన్ని కాదన్నవాడిని సొంత సంఘం కూడా కాయలేదు.

'ది డార్క్'లో ఏముంది? పేరు చెప్పని కుర్రాడు, భార్య పోయిన తండ్రి మహోనీ, బంధువైన ఫాదర్ జెరాల్డ్. మొదటి పేజీలోనే తండ్రి తోలుపట్టీతో కొడుకుని బెదిరిస్తాడు. తండ్రి రాత్రిళ్ళు కొడుకు పక్కలో చేసే పని గురించీ, ఫాదర్ అర్ధరాత్రి కుర్రాడి మంచంలోకి వచ్చి మాట్లాడటం గురించీ ఆయన ఎక్కడా గొంతు పెంచకుండా రాశాడు. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ముందు కుర్రాడి గుండెదడ, చెప్పేశాక కలిగే తేలిక, మళ్ళీ అదే పాపం, మళ్ళీ అదే వరుస. కుర్రాడు ఒక అధ్యాయంలో "నేను", ఇంకో అధ్యాయంలో "నువ్వు", మరో చోట "అతను". ఆత్మపరిశోధన నేర్చిన మనసు తన్ను తానే ముద్దాయిగా ఎదురుగా నిలబెట్టుకుని "నువ్వు" అని పిలుస్తుంది. ఆ సర్వనామాల తడబాటు పాపసంకీర్తనం నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. చర్చి పెద్దలు నడిపిన పిల్లల సంస్థల్లో జరిగినవాటిపై ప్రభుత్వ కమిషన్ నివేదిక 2009లో వచ్చింది. నవలకి అది నలభై నాలుగేళ్ళ తర్వాత. రచయిత పోయి మూడేళ్ళయింది.

నిషేధం మీద నిరసన తెలపడానికి ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ సిద్ధపడ్డాడు, అయితే ముందు మగాహర్న్‌కి అది ఇష్టమేనా అని కనుక్కోమన్నాడు. మగాహర్న్ వద్దన్నాడు. ఆ బోర్డుతో వాదించడమంటే దానికి లేని గౌరవం ఇవ్వడమని ఆయన ఉద్దేశం. లండన్ వెళ్ళి దొరికిన పని చేశాడు. 1974లో రెండో భార్య మ్యాడలిన్‌తో లీట్రింకి, తల్లి నడిచిన దారులకి దగ్గరగా తిరిగొచ్చి, చిన్న పొలం, పశువులతో స్థిరపడ్డాడు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈ తిరిగిరావడమే. మరో ఐరిష్ నవలాకారుడు జేమ్స్ జాయిస్ 1903లో చావుబతుకుల్లో ఉన్న తల్లి మంచం పక్కన మోకరించనని నిలబడ్డాడు, దేశం వదిలాడు, ఆ నిరాకరణ చుట్టూ తన సాహిత్యం కట్టుకున్నాడు. మగాహర్న్‌కి తల్లి మంచం పక్కన మోకరించే అవకాశమే ఇవ్వలేదు. రానివ్వని చోటుకి తిరిగి వెళ్ళడమే ఆయన పని అయింది.

జవాబు రాని ప్రార్థన

ఇంకో అభ్యంతరం. ఇదంతా జపమాల ఎందుకు కావాలి, వ్యవసాయం చాలదా? దున్నడం, పశువుల ఈత, కోత, సంత, మళ్ళీ దున్నడం. పల్లెటూరి నవల ఏ మతంలో అయినా గుండ్రంగానే తిరుగుతుంది కదా. ఈ వాదనకి బలముంది. చివరి నవల 'దట్ దే మే ఫేస్ ది రైజింగ్ సన్' (2002)లో చెరువొడ్డున రట్లెజ్ దంపతుల జీవితమంతా గొర్రెపిల్లలు, గడ్డి, క్రిస్మస్, మళ్ళీ గొర్రెపిల్లలు. వాళ్ళిద్దరూ చర్చికి వెళ్ళరు. పూజకి ఎందుకు రావని పక్కింటి జేమ్సీ అడిగితే నమ్మకం లేదంటాడు రట్లెజ్. మాలో ఎవరికుంది, అయినా వెళ్తాం, అదేం అడ్డు కాదంటాడు జేమ్సీ. అక్కడ ఋతువులే చాలు, చర్చి అక్కర్లేదు అని చదవొచ్చు.

కానీ ఆయన రచనల్లో పొలం చుట్టూ తిరగని నవల కూడా ఒకటుంది. 'ది పోర్నోగ్రాఫర్' (1979) ఎక్కువగా డబ్లిన్ నగరంలో జరుగుతుంది. కథ చెప్పేవాడు పొట్టకూటికి బూతుకథలు రాస్తాడు. ఆస్పత్రిలో కాన్సర్‌తో అత్త. ఋతువులు లేవు, మోకాళ్ళు లేవు. ఆ పుస్తకం చివర, అత్త అంత్యక్రియలయ్యాక, అతనికి అందరి కోసం ప్రార్థించాలన్న తీవ్రమైన కోరిక కలుగుతుంది. జవాబు రాని ప్రార్థనల్నే ఇంకా పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే వాటి మొదలూ చివరా అవే అని అతను అనుకుంటాడు. మగాహర్న్ తన రచన గురించి ఎన్ని ఇంటర్వ్యూలిచ్చినా ఇంతకంటే సూటిగా ఎక్కడా చెప్పలేదనిపిస్తుంది. వినేవాడు లేడని తెలిశాక ప్రార్థన మానెయ్యొచ్చు. లేదా వినేవాడు లేడు కాబట్టి ప్రతి మాటా తప్పు లేకుండా పూర్తిచెయ్యొచ్చు. ఆ నవలకీ 'అమంగ్స్ట్ విమెన్'కీ మధ్య పదకొండేళ్ళు. దానికీ చివరి నవలకీ పన్నెండేళ్ళు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చాలావరకు పక్కన పడేసి మిగిల్చింది ఆ పలచటి పుస్తకాలు.

ఫాదర్ అయివుంటే ఎలా ఉండేవాడో కూడా ఆయన ఊహించి రాశాడు. 'ది వైన్ బ్రెత్' కథలో వయసు మళ్ళిన ఫాదర్ ఒకాయన, రంపంతో కోసిన బీచ్ చెక్కపేళ్ళ మీద సాయంకాలపు వెలుగు చూసి, దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందటి మంచులో జరిగిన ఒక అంత్యక్రియల రోజులోకి వెళ్ళిపోతాడు. తల్లి కోరికా చావు భయమూ కలిసి తనని ఈ దారిలోకి తెచ్చాయని ఆయనకి తెలుసు. తల్లి మాట నిలబెట్టుకున్న మగాహర్న్ ఆయన. కథలో ఆయన మీద ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. వెలుగు ఎలా పడిందో మాత్రం చాలా శ్రద్ధగా ఉంది.

చర్చినే తన మొదటి పుస్తకమని మగాహర్న్ రాసుకున్నాడు. పేదరికపు రోజుల్లో ఇంటి కప్పు కింద అందం అంటే ఏమిటో అక్కడే చూశానన్నాడు. చలికాలంలో ఎక్కడా పువ్వన్నది లేనప్పుడు, బలిపీఠం కోసం బస్సులో వచ్చే ఎరుపు, తెలుపు, పసుపు టులిప్ పూల అట్టపెట్టెలు, వాటి పలకల గరుకుదనం ఏభై ఏళ్ళ తర్వాత కూడా ఆయనకి చేతికి తగులుతున్నట్టే ఉంది. పూల కంటే పెట్టె గుర్తుండటం ఆయన పద్ధతి. నమ్మకం పూలతో పాటు వాడిపోయినా పెట్టె గట్టిదని నాకనిపిస్తుంది.

చివరి నవలలో జేమ్సీ తోబుట్టువు జానీ చనిపోతే శవానికి స్నానం చేయించేది రట్లెజ్. నమ్మకం లేనివాడు. మరో మనిషి సాయంతో ఒళ్ళు తుడిచి, దూది పెట్టి, గడ్డం గీసి, వేళ్ళకి జపమాల చుట్టి సాగనంపుతాడు. గొయ్యి తవ్వేటప్పుడు తల పడమటికి ఉండటం అంత ముఖ్యమా అని అతనే అడుగుతాడు. ఉంటే అంతా ముఖ్యమే, లేదంటే ఏమీ కాదు అంటాడు ఊరివాడు ప్యాట్రిక్ ర్యాన్. పడమర తలపెట్టి పడుకుంటే లేచినప్పుడు ఉదయించే సూర్యుడికి ఎదురుగా ఉంటాడని చెబుతూ తూర్పుకి చెయ్యి చాస్తాడు. మగాహర్న్ 2006 మార్చి 30న పోయాడు. లీట్రింలోని ఆహవిల్లన్‌లో తల్లి పక్కనే పాతిపెట్టారు.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. ఐర్లాండ్‌లో ఇప్పుడు రాత్రి జపమాల చెప్పే ఇళ్ళు చాలా తగ్గిపోయాయి. 'అమంగ్స్ట్ విమెన్' అన్న పేరు అక్కడి కుర్రవాళ్ళకి ఆడవాళ్ళ మధ్య బతికిన మగాడి కథగానే వినిపించవచ్చు. తెలుగు కతోలిక ఇంట్లో పెరిగినవాళ్ళకి అలా వినిపించదు. "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే" అని మరియమ్మతో చెప్పే వాక్యం అది. రచయిత ఆశీర్వాదాన్ని తీసేసి "స్త్రీలలో" అన్నంత వరకే ఉంచాడు, ఆ ఖాళీలో మోరన్‌ని కూర్చోబెట్టాడు. రేపెవరైనా దీన్ని తెలుగు చేస్తే పేరు దగ్గరే చిక్కు వస్తుంది. "ఆడవాళ్ళ మధ్య" అంటే మోరన్ కనిపిస్తాడు, జపం వినిపించదు. "స్త్రీలలో" అంటే జపం వినిపిస్తుంది, వాక్యం ఎక్కడో తెగినట్టుంటుంది. తెగినట్టే ఉండనివ్వమంటాను. పుస్తకం తెరవకముందే చదివేవాళ్ళ నోరు తనంతట తానే మిగతా సగం అందుకుంటుంది.